ఇకనుంచి మా దగ్గర విల్లు కొంటే కింది కొనకి తొడుగు వేసే ఇస్తాం

నమస్కారం అండీ. విజయనగరంలో మా షాపులో వెదురు విల్లులు, చెక్క లాంగ్‌బోలు (నిలువెత్తు పొడవు విల్లులు), రికర్వులు (కొనలు ముందుకి వంగిన విల్లులు) కొన్నవాళ్లకీ, కొనబోయేవాళ్లకీ ఇది రాస్తున్నాను. డబ్బు మాట ముందే చెప్పేస్తాను. ప్రతి విల్లు మీద 80 రూపాయలు పెంచుతున్నాం. ఆ 80కి కింది కొనకి టిప్ ప్రొటెక్టర్, అంటే రబ్బరు తొడుగు, కొలత చూసి మేమే వేసి ఇస్తాం. ఇన్నాళ్లూ విడిగా అమ్మేవాళ్లం, చాలామంది "అదెందుకులెండి" అని వదిలేసేవారు. ఇకమీదట అది లేకుండా విల్లు షాపు దాటదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, రిపేరుకి వచ్చేవాటిలో పై కొన పాడైనవి చాలా అరుదు, దెబ్బ తినేది ఎక్కువగా కింది కొనే. పిల్లలు తమ వంతు వచ్చేవరకు విల్లుని నేలకి ఆనించి, దాని మీద బరువంతా వేసి కబుర్లు చెప్పుకుంటారు. మన వైపు నేల ఎర్ర గరప, చిన్న చిన్న రాళ్లు. అది వార్నిష్‌ని గీకేస్తుంది, ఇసుక రేణువులు నారి కన్నులో (నారి చివర కొనకి తగిలించే ఉచ్చులో) దూరి దారాన్ని లోపల్నుంచి కోస్తూ ఉంటాయి. ఇంకా పెద్ద ఇబ్బంది తడి. చెక్క గానీ వెదురు గానీ పక్కల నుంచి కంటే కోసిన చివర నుంచి నీటిని ఎన్నో రెట్లు వేగంగా పీలుస్తుంది, ఎందుకంటే చెట్టు బతికుండగా నీళ్లు పైకి లాగిన గొట్టాలన్నీ అక్కడే నోరు తెరుచుకుని ఉంటాయి. పొద్దున్నే మంచు గడ్డి మీద ఆనించిన కొన ఉబ్బుతుంది, మధ్యాహ్నం ఎండకి ముడుచుకుంటుంది, రోజూ ఇదే. పొరలు అతికించి చేసిన విల్లైతే ఫైబర్‌గ్లాస్ పొర కొన దగ్గరే విడిపోవడం మొదలవుతుంది, ఒకసారి విడిపోయాక మేము జిగురు పెట్టి బిగించినా ఆ విల్లుని నమ్మి పూర్తిగా లాగమని పిల్లవాడికి నేను చెప్పలేను.

రెండో లాభం లాంగ్‌బో, రికర్వు వాళ్లకే. నారి దించినప్పుడు కింది కన్ను కొన దగ్గర కోసిన గాడిలోంచి జారిపోతుంది, మళ్లీ ఎక్కించేటప్పుడు తొందరలో సరిగ్గా కూర్చోలేదనుకోండి, లాగిన విల్లు చేతిలోనే తిరగబడుతుంది, మొహానికి తగిలిందంటే చిన్న దెబ్బ కాదు. తొడుగు ఆ కన్నుని గాడిలోనే పట్టి ఉంచుతుంది. అయినా సరే, ఎక్కించిన ప్రతిసారీ రెండు కొనలూ కంటితో చూడాల్సిందే. వెదురు విల్లుకి కింద ముడి వేసి కడతాం కాబట్టి ఈ బాధ తక్కువ, దానికి తొడుగు నేల నుంచి, తడి నుంచి కాపాడడానికే.

కొందరు రెండు కొనలకీ అడుగుతున్నారు. వద్దండీ. కొనల దగ్గర బరువు పెరిగితే విల్లు తిరిగి వచ్చే వేగం తగ్గుతుంది, బాణం నెమ్మదిస్తుంది. కింద ఒక్క పల్చటి రబ్బరు వల్ల తేడా మీకు తెలియదు, అనవసరంగా రెండోది ఎందుకు? తోలు తొడుగు చూడ్డానికి చాలా బాగుంటుంది, నాకూ ఇష్టమే, కానీ వానాకాలంలో అది నీళ్లు పట్టుకుని వదలదు. అందుకే జూన్ నుంచి తుపాన్ల కాలం అయ్యేదాకా తోలువి అమ్మడం ఆపేస్తున్నాం.

రబ్బరు వేశాక మర్చిపోకండి. దాని లోపలా చెమ్మ నిలుస్తుంది. వారానికోసారి తీసి, పొడి గుడ్డతో తుడిచి, నీడలో కాసేపు ఆరనిచ్చి మళ్లీ వేయండి. ఎండలో ఆపిన కారులో విల్లు వదిలేస్తే రబ్బరు జిగటగా మారుతుంది, విల్లుకి అంతకంటే హాని. తొడుగు జారుతోందని జిగురు పెట్టేయకండి, లోపల పగులు వచ్చినా కనపడదు. మరీ బిగుతుగా ఉన్నా మంచిది కాదు, నారి కన్నుని గాడిలోంచి పైకి నెడుతుంది.

పాత కస్టమర్లు కొత్తది కొనాల్సిన పని లేదు. వెదురు విల్లైతే పాత సైకిల్ ట్యూబు ముక్క కొన మీద మడిచి, గాడికి అడ్డం రాకుండా దారంతో గట్టిగా చుట్టండి, చక్కగా పనిచేస్తుంది. విల్లు షాపుకి తెస్తే మేమే చుట్టి ఇస్తాం, డబ్బులు తీసుకోం.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. తొడుగు ఉంది కదా అని బాణం లేకుండా నారి లాగి వదలడం, నారికీ విల్లుకీ మధ్య కాలు పెట్టి విల్లు వంచి నారి ఎక్కించడం చేయకండి. మొదటిది విల్లుని విరిచేయగలదు, రెండోది వంకర తిప్పగలదు. స్ట్రింగర్ తాడు (రెండు కొనలకీ తగిలించి, కాలితో తొక్కి విల్లు వంచే తాడు) వాడండి. కొనలు గట్టిపరచని విల్లుకి ఫాస్ట్ ఫ్లైట్ అనే పెద్దగా సాగని దారంతో చేసిన నారి కట్టకండి, అది గాడినే కోసేస్తుంది. కాస్త సాగే డాక్రాన్ (పాలిస్టర్) నారి చాలు.

కొరియర్ మీద తొడుగు కావాలంటే కింది కొనని స్కేలు పక్కన పెట్టి ఫోటో వాట్సాప్ చేయండి, గాడి దగ్గర వెడల్పు, మందం రెండూ కనపడాలి. మా ఊరి పైడితల్లి అమ్మవారి పండగ తొలేళ్ళు, సిరిమానోత్సవం రెండు రోజులూ షాపు మూసే ఉంటుంది, ఊరంతా జనం, కొరియర్ కుర్రాళ్లు వీధిలోకి రాలేరు. కాబట్టి దసరా సెలవుల్లోగా కావాల్సినవాళ్లు పండగకి వారం ముందే పంపండి.