మా ఫౌజీ సారు గీసిన గీతలు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మా ఫౌజీ సారు కాలం చేశారు. 1971 యుద్ధంలో పనిచేసిన మనిషి. ఆ ముచ్చట చెప్పమని పిల్లలు వెంటపడితే, "ముందు రెండు రౌండ్లు ఉరుకుండ్రి, తర్వాత చెప్త" అనేవారు. ఆ తర్వాత కూడా చెప్పేవారు కాదు.

సైన్యం నుంచి రిటైరై హన్మకొండ వచ్చాక ముప్ఫై ఏళ్లకు పైగా, పైసా తీసుకోకుండా, మా బస్తీ పిల్లలకు కబడ్డీ, పరుగు నేర్పారు. పొద్దున ఐదున్నరకల్లా సైకిల్ హ్యాండిల్‌కు సున్నం సంచి తగిలించుకుని వచ్చేవారు. కబడ్డీ కోర్టు మగపిల్లలకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మా ఆడపిల్లలకు 12, 8. తాడు పట్టి, వంగి, తనే గీసేవారు. గీత కొంచెం వంకర పోయినా కాలితో చెరిపి మళ్లీ మొదలుపెట్టేవారు.

నన్ను ఆటకు పంపడానికి మా నాన్న ఒప్పుకున్నది ఆయన మాట మీదే. ఆట అయ్యాక ఆడపిల్లలందరినీ ఇంటి గడప దాకా దింపి కానీ ఆయన ఇంటికి పోయేవారు కాదు.

వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచినప్పుడు గ్రౌండ్‌లో అందరికీ మిఠాయి పంచి, చాటుగా కళ్లు తుడుచుకున్నారు.

ఇప్పుడా గ్రౌండ్‌లో సగం కార్ల పార్కింగ్ అయింది. చీకటి పడితే ఒక్క లైటూ లేదు. దానికి కంచె వేయించి, రెండు లైట్లు పెట్టించాలని అధికారులను వేడుకుంటున్నాం. సున్నం సంచి మా దగ్గరే ఉంది. ఆదివారం కోర్టు మేమే గీశాం.

– ఒక శిష్యురాలు, హన్మకొండ