గేర్‌బాక్స్ మార్పిడి కిట్టులోని లోపాలపై ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

విషయం: ఫోర్డ్ టైప్ 9 గేర్‌బాక్స్‌కు అనువుగా కట్టిన మీ చాసిస్‌లో (కారు చట్రంలో) మాజ్దా ఎంఎక్స్-5 కారు గేర్‌బాక్స్ బిగించడానికి మీరు అమ్మిన కిట్టు సరిపోకపోవడం, చాసిస్ గొట్టాన్ని కోయమని మీ సాంకేతిక విభాగం ఇచ్చిన సలహా గురించి.

ఆర్యా,

మీ సంస్థ తయారు చేసిన స్పేస్‌ఫ్రేమ్ చాసిస్ (సన్నని గొట్టాలను వెల్డింగ్ చేసి కట్టిన చట్రం) మీద నేను రెండు సీట్ల కిట్ కారు (భాగాలు కొని సొంతంగా కూర్చుకునే కారు) కట్టుకుంటున్నాను. ఇంజన్ 2 లీటర్ల ఫోర్డ్ డ్యూరాటెక్. 1980లలో ఫోర్డ్ సియెరా వంటి కార్లలో వచ్చిన టైప్ 9 గేర్‌బాక్సులు మంచి స్థితిలో దొరకడం రానురాను కష్టమవుతున్నందున, 2005లో వచ్చిన మూడో తరం ఎంఎక్స్-5 గేర్‌బాక్స్‌ను ఎంచుకున్నాను. డ్యూరాటెక్ మూలం మాజ్దా రూపకల్పనే కాబట్టి ఆ గేర్‌బాక్స్ ఇంజన్ వెనుక ముఖానికి మధ్యలో అమర్చే అడాప్టర్ ప్లేటు లేకుండానే కూర్చుంది. అక్కడ నాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బందంతా గేర్‌బాక్స్ మీ చాసిస్‌ను కలిసే చోటనే వచ్చింది, మీ కిట్టు కొన్నదీ సరిగ్గా ఆ పనికోసమే. "చాసిస్‌ను కోయనక్కర్లేదు, వెల్డింగ్ అక్కర్లేదు, బోల్టులు బిగిస్తే చాలు" అని మీ ఉత్పత్తి వివరణలో స్పష్టంగా రాసి ఉంది. ఆ మాట నమ్మి డబ్బు కట్టాను.

మొదట వెనుక మౌంటింగ్ (గేర్‌బాక్స్‌ను చాసిస్‌కు పట్టి ఉంచే ఆధారం) సంగతి చెప్పాలి, ఎందుకంటే మిగిలిన లోపాలు చాలావరకు అక్కడినుంచే పుట్టాయి. ఎంఎక్స్-5లో గేర్‌బాక్స్‌కు మామూలు కార్లలో లాగా తోక (వెనుక చివర) కింద రబ్బరు మౌంటింగ్, దానికొక క్రాస్ మెంబర్ (అడ్డదూలం) ఉండవు. గేర్‌బాక్స్ తోక నుంచి డిఫరెన్షియల్ (వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) దాకా సాగే ఒక పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్ ఆ రెండింటినీ గట్టిగా ముడివేసి, గేర్‌బాక్స్ వెనుక భాగం బరువును తానే మోస్తుంది. మీ చాసిస్‌లో డిఫరెన్షియల్‌ను విడిగా బిగిస్తారు కనుక ఆ ఫ్రేమ్‌కు చోటు లేదు, అందులో తప్పు కూడా లేదు. కానీ ఆ ఫ్రేమ్ తీసేసినప్పుడు అది చేసే పనిని మరొకటి చేయాలి కదా. మీరు పంపిన బ్రాకెట్ ఆ ఫ్రేమ్ బోల్టులుండే చోటునే, అంటే గేర్‌బాక్స్ తోకకు ఒక పక్కను మాత్రమే, పట్టుకుంటుంది. మధ్యలో అదురును పీల్చే రబ్బరు బుష్ లేదు. మొదటి గేరులో ఇంజన్ టార్క్ (తిప్పే బలం) మూడు రెట్లకు పైగా పెరిగి బయటికి వస్తుంది, దాని ప్రతిచర్య గేర్‌బాక్స్‌ను తిప్పాలని చూస్తుంది. ఆ మెలికనంతా ఒక పక్కనున్న పలుచని ఇనుప బ్రాకెట్, దాన్ని పట్టుకున్న అల్యూమినియం కేసు భరించాలన్నమాట. బోల్టు చుట్టూ కేసు పగిలితే అది గేర్‌బాక్స్ లోపమని మీరు తప్పించుకోవచ్చేమో గాని, అసలు కారణం మాత్రం ఈ బ్రాకెట్ రూపకల్పనే అవుతుంది.

ఇక కోణాలు. మీ బ్రాకెట్‌తో బిగించినప్పుడు గేర్‌బాక్స్ తోక కిందికి దిగిపోతోంది. కారును సమతలంగా నిలిపి డిజిటల్ కోణమాపకంతో చూస్తే, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు (గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్‌కు శక్తిని చేర్చే కడ్డీకి) గేర్‌బాక్స్ వైపు కోణం 3.5 డిగ్రీలు, డిఫరెన్షియల్ వైపు 1.5 డిగ్రీలు వచ్చింది. ఆ షాఫ్ట్ చివర ఉండే యూనివర్సల్ జాయింట్ (వంగుతూ తిరిగే కీలు) కోణంలో తిరిగేటప్పుడు షాఫ్ట్ వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. రెండో చివరి జాయింట్ అంతే కోణంలో ఉంటేనే ఆ హెచ్చుతగ్గులు ఒకదానికొకటి రద్దవుతాయి. లేకపోతే మిగిలిన తేడా అదురుగా మారి, డిఫరెన్షియల్ బేరింగులను, గేర్‌బాక్స్ తోక సీలును తినేస్తుంది. తోకను 8 మిల్లీమీటర్లు పైకి లేపితే రెండు కోణాలూ సుమారు 2.2 డిగ్రీల దగ్గర సమానమవుతాయని లెక్క కట్టి చూశాను. అయితే గేర్ లివర్ దిమ్మెకూ టన్నెల్ (సీట్ల మధ్య గేర్‌బాక్స్ చుట్టూ ఉండే గొట్టాల అమరిక) పై గొట్టానికీ మధ్య మిగిలిన ఖాళీ 3 మిల్లీమీటర్లే. కాబట్టి మీరు సూచించినట్టు కింద వాషర్లు పెట్టి సరిచేసే అవకాశం కూడా లేదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టినది టన్నెల్ ఎడమ పక్కనున్న ఏటవాలు గొట్టం. గేర్‌బాక్స్ కేసు ఉబ్బు సరిగ్గా ఆ గొట్టానికి ఆనుకుంటోంది. గేర్‌బాక్స్‌ను ఇంజన్‌తో కలిపి దించితే, పెయింట్ చెదిరి ఇనుము కనిపించేంత గట్టిగా రెండూ ఒరుసుకుంటున్నాయి. ఈ విషయం రాస్తే మీ సాంకేతిక విభాగం నుంచి వచ్చిన జవాబు ఒకే వాక్యం: తగిలినంత మేర గొట్టాన్ని కోసి, వీలైన చోట మరో ముక్క వెల్డింగ్ చేసుకోండి.

ఈ జవాబు ఒక చాసిస్ తయారీదారు నుంచి రావడం నాకు నమ్మశక్యంగా లేదు. 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, 1.6 మిల్లీమీటర్ల మందం, ఇంత సన్నని సామగ్రితో కట్టిన చాసిస్ దృఢంగా నిలబడుతోందంటే అది గొట్టాల బలం వల్ల కాదు, వాటిని త్రిభుజాలుగా అమర్చిన తీరు వల్ల. ఏటవాలు పట్టీ ఊడిన తలుపు చట్రం ఎలా పక్కకు ఒరుగుతుందో, ఏటవాలు గొట్టం తీసేసిన నాలుగు మూలల గడి కూడా అలాగే ఒరగడానికి చూస్తుంది. అప్పుడు ఆ భారాన్ని మూలల్లోని వెల్డింగులు వంచే ఒత్తిడిగా మోయాల్సి వస్తుంది. వెల్డింగ్ అతుకు దగ్గర పగుళ్లు మొదలయ్యేది ఇలాగే. పైగా ఇద్దరు మనుషుల మధ్య నుంచి పోయే ఈ టన్నెలే ముందు సస్పెన్షన్‌ను వెనుక సస్పెన్షన్‌తో కలిపే వెన్నెముక. చాసిస్ మెలిపడితే చక్రాల కోణాలు మారతాయి, మలుపులో కారు డ్రైవరు మాట వినదు. "వీలైన చోట" అంటే ఎక్కడ, ఎంత మందం గొట్టం, గొట్టాలు కలిసే ఏ ముడి నుంచి ఏ ముడికి అన్న వివరం ఒక్కటీ మీరు చెప్పలేదు. ఆ చాసిస్‌పై భారాలు ఎలా ప్రవహిస్తాయో తెలిసింది దాన్ని రూపొందించిన మీకే గాని, గ్యారేజీలో రంపం పట్టుకున్న కొనుగోలుదారుకు కాదు.

ఇతర కొనుగోలుదారుల నుంచి ఫిర్యాదులు రాలేదని మీరు రాశారు. వాళ్లు నిశ్శబ్దంగా ఆ గొట్టాన్ని కోసుకుని ఉంటే అది మీ కిట్టు సరిపోయిందనడానికి రుజువు కాదు, మరింత ఆందోళన పడాల్సిన విషయం.

కనుక మీ నుంచి నేను కోరేది ఇది. గేర్‌బాక్స్ తోకను రెండు పక్కలా పట్టి, రబ్బరు బుష్ మీద కూర్చోబెట్టే క్రాస్ మెంబర్‌ను, సరైన ఎత్తు లెక్కగట్టి, పంపించండి. ఆ ఎత్తులో లివర్ దిమ్మెకు ఖాళీ చాలేలా టన్నెల్ పై గొట్టానికీ, ఆ ఏటవాలు గొట్టానికీ బదులు ఏ అమరిక చేయాలో కొలతలతో, వెల్డింగ్ వివరాలతో డ్రాయింగ్ ఇచ్చి, దానిపై మీ ఇంజనీరు సంతకం పెట్టించండి. అలా చేయడం మీకు సాధ్యం కాకపోతే కిట్టు ధర, రవాణా ఖర్చు రెండూ పూర్తిగా తిరిగి చెల్లించండి. ఏది ఎంచుకున్నా, "కోయనక్కర్లేదు" అన్న వాక్యాన్ని వెంటనే తొలగించి, ఇంతకుముందు ఈ కిట్టు కొన్నవారందరికీ ఈ గొట్టం సంగతి రాతపూర్వకంగా తెలియజేయాలని గట్టిగా కోరుతున్నాను.

కిట్టులోని భాగాలన్నీ వచ్చినవి వచ్చినట్టే ఉంచాను, చాసిస్‌ను ఎక్కడా కోయలేదు. కోణాల కొలతలు, ఒరుసుకున్న చోటి ఫొటోలు, మీ సాంకేతిక విభాగం జవాబు ప్రతి దీనితో జతచేస్తున్నాను. 30 రోజుల లోపు మీ నిర్ణయం తెలియకపోతే వినియోగదారుల ఫిర్యాదుల సంస్థను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
మీ చాసిస్ కొనుగోలుదారు