సోర్స్ కోడ్ ఇచ్చి చేతులు దులుపుకోకండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,
నమస్కారం.

నేను ఒక చిన్న ట్రస్టు ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసుకునే మనిషిని. ప్రభుత్వ శాఖలు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు, అంటే సోర్స్ కోడ్ ఎవరైనా చూసి వాడుకోగలిగే సాఫ్ట్‌వేర్‌కు, పెద్దపీట వేయాలని కేంద్రం 2015లోనే విధానం తెచ్చింది. పీట వేశారు సరే, వడ్డించేదెవరు?

మేం వాడేది బహ్మ్నీ అనే ఓపెన్ సోర్స్ ఆస్పత్రి సాఫ్ట్‌వేర్. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారీలో జన స్వాస్థ్య సహయోగ్ ఆస్పత్రి మొదట్లోనే వాడిన సాఫ్ట్‌వేర్ ఇది. రోగి వివరాలకు ఓపెన్‌ఎంఆర్‌ఎస్, ల్యాబ్‌కు ఓపెన్‌ఎలిస్, బిల్లులకూ మందుల స్టాకుకూ ఓడూ. వేరువేరు చేతులు నేసిన గుడ్డలు కలిపి కుట్టిన బొంత అన్నమాట. వెచ్చగానే ఉంటుంది. ఒక కుట్టు ఊడితే మాత్రం ఎక్కడ ఊడిందో వెతకలేక చస్తాం.

మొదట్లో దీన్ని సెంటోస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఎక్కించేవాళ్లు. 2024 జూన్ 30తో సెంటోస్ 7కి అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇప్పుడు డాకర్ కంటైనర్లుగా, అంటే ఒక్కో భాగం దానికి కావాల్సిన సరంజామాతో సహా విడి పెట్టెలో సర్దినట్టు, వస్తోంది. పద్ధతి మంచిదే, కానీ అన్నీ కలిపి గిగాబైట్లలో ఉంటాయి. మొన్న వానల్లో రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టుకుని కూర్చున్నాను. తెల్లవారుజామున కరెంటు పోయింది, దానితోపాటే నెట్టూ పోయింది. ఎనిమిదిన్నరకల్లా ఓపీ దగ్గర లైను. సిస్టర్ నన్నేమీ అనలేదు. బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి, స్కేలు పెట్టి గీతలు కొట్టుకోవడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది.

రేపు మీరు పీహెచ్‌సీలకు ఇలాంటిది ఇవ్వాలనుకుంటే, కోడ్‌తోపాటు నెట్ లేకుండా పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కే ప్యాకేజీ కూడా ఇప్పించండి. మీవాళ్లు పరీక్షించిన వెర్షనే అందులో ఉండాలి, దాని మీద డిజిటల్ సంతకం ఉండాలి. పెన్‌డ్రైవ్ పది చేతులు మారుతుంది, మధ్యలో ఎవరేం కలిపారో తెలియాలి కదా. డెబియన్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో వైద్య విభాగం చూసే డెబియన్ మెడ్ వాళ్లు 2002 నుంచి వైద్య సాఫ్ట్‌వేర్‌ను ఇలాగే ప్యాకేజీలు కడుతున్నారు. దేనికి ఏది తోడు కావాలో వాళ్లే చూసిపెడతారు, మనం వెతుక్కోనక్కర్లేదు. ఇంకొకటి: కొత్త వెర్షన్ మొరాయిస్తే డేటా పోకుండా పాతదానికి వెనక్కి వెళ్లే దారి ఉండాలి.

అంతా క్లౌడ్‌లో పెట్టేస్తే పోలా అంటారు మీ అధికారులు. రోగి ఆరోగ్య ఖాతా నంబరు, అదే ఆభా నంబరు, కలపడానికి నెట్ కావాలి, నిజమే. ఆ పని నెట్ వచ్చాక చేసుకుంటాం. జ్వరంతో వచ్చినవాడికి ఓపీ చీటీ ఇవ్వడానికి నెట్ ఎందుకండీ?

తయారైన మొదటి పెన్‌డ్రైవ్‌ను వెలగపూడిలో ప్రొజెక్టర్ మీద చూపించమనకండి. ఏదో ఒక పీహెచ్‌సీకి పంపి, నెట్ కేబుల్ పీకేసి, అక్కడి ఫార్మసిస్టు చేతే ఎక్కించమనండి. ఎక్కడ ఆగిపోయిందో ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకురమ్మనండి.

ఇట్లు,
ఒక ఆస్పత్రి కంప్యూటర్ మనిషి