కరెంట్ అఫైర్స్ పేజీలో పాత తీరం

సంపాదకులు గారికి,

నమస్కారం. పోటీ పరీక్షల పిల్లల కోసం మీరు వేసే విద్యా పేజీలో పోయిన వారం వచ్చిన కరెంట్ అఫైర్స్ బిట్ల గురించి ఈ ఉత్తరం. చూసిన రోజే రాద్దామనుకున్నాను. మర్నాడు మీరే సవరణ వేస్తారేమో, తొందరపడటం ఎందుకని ఆగాను. సవరణ రాలేదు. మా ఊరి గ్రంథాలయంలో ఆ పేజీ మాత్రం జిరాక్సులై చేతులు మారుతోంది.

పేజీకి ఎడమవైపు భారతదేశ తీరరేఖ 11,098.81 కిలోమీటర్లు అని వేశారు. సరైనదే. కుడివైపు రాష్ట్రాల విభాగంలో ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లు, దేశంలో రెండో స్థానం అని వేశారు. దేశానికేమో కొత్త లెక్క, రాష్ట్రానికేమో పాత లెక్క! పేజీ తయారుచేసిన వారు రెండు బిట్లనూ రెండు వేర్వేరు కోచింగ్ మెటీరియల్స్ నుంచి దించుకుంటే తప్ప ఇలా జరగదు. కొత్త కొలతలో మన తీరం 1,053 కిలోమీటర్లు. తమిళనాడుది 1,068. అంటే గుజరాత్ తర్వాతి స్థానం తమిళనాడుకు పోయింది, మనం మూడో స్థానానికి దిగాం. కేంద్ర హోంశాఖ 2023-24 వార్షిక నివేదికలో ఈ మార్పు వచ్చింది. రెండో స్థానం పోయిందని రాయడానికి మీకు మొహమాటమైతే అది వేరే సంగతి. పరీక్ష హాల్లో మొహమాటానికి మార్కులు వేయరు, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోస్తారు.

పోనీ, లెక్క ఎందుకు మారిందో ఒక్క ముక్కయినా రాశారా? గ్రూప్-2 ఉద్యోగ పరీక్షకు చదువుతున్న ఒక అమ్మాయి వచ్చి, "మాస్టారూ, సముద్రం మూడున్నర వేల కిలోమీటర్లు ఎలా పెరిగింది?" అని అడిగింది. ఆ పిల్లను తప్పుపట్టలేను. పాత 7,516 కిలోమీటర్లు 1970లలో తేల్చిన లెక్క. అప్పుడు వాడిన పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 45 కిలోమీటర్లు. ఆ పటంలో కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ వంపు, కృష్ణా నది సముద్రంలో కలిసే చోట్ల చీలికలు, నిజాంపట్నం వైపు ఉప్పుకాలవలు అన్నీ ఒక నున్నటి గీతలో కలిసిపోతాయి. కొత్త కొలతలో ఒక సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లే. ప్రతి వంకరా లెక్కలోకి వచ్చింది, పొడవు పెరిగింది. సముద్రం ఉన్నచోటే ఉంది. సుందరవనాల పాయలన్నీ కొలిచేసరికి పశ్చిమ బెంగాల్ 157 నుంచి 721కి పోయింది. ఇంత కొలిచినా పుదుచ్చేరికి మాత్రం ఉన్నదాంట్లోంచి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు తగ్గింది. అన్ని చోట్లా పెరిగి ఒక్కచోట తగ్గిందంటే ఎందుకో ఆలోచించే పిల్లవాడికి భూగోళం వచ్చినట్టు. మీ బిట్టు చదివినవాడికి నంబరు వచ్చింది, అది కూడా సగం తప్పుది.

ఇదొక్కటే అయితే ఉత్తరం రాసేవాణ్ణి కాదు. శ్రీహరికోట ఏ జిల్లా అన్న బిట్టుకు ఇంకా నెల్లూరే జవాబు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనప్పుడు అది తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. ఆ విభజన వార్తను మీ పత్రికే మొదటి పేజీలో పటంతో సహా వేసింది. మీ మొదటి పేజీని మీ విద్యా పేజీ చదవదా?

అంతరిక్షం బిట్లయితే మరీ. "శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం: 2025 జనవరి 29, జీఎస్ఎల్‌వీ-ఎఫ్15, విజయవంతం." రాకెట్టు వరకూ నిజమే. అది మోసుకెళ్ళిన ఎన్‌వీఎస్-02 ఉపగ్రహంలో ఒక వాల్వు తెరుచుకోక, అనుకున్న కక్ష్యకు చేరనే లేదు. ఆ మాట ఇస్రోయే చెప్పింది. మే 18న పీఎస్ఎల్‌వీ-సీ61 రాకెట్టు మూడో దశలో దెబ్బతిని ఈఓఎస్-09 ఉపగ్రహాన్ని పోగొట్టుకుంది. మీ పేజీ లెక్కలో ఆ మే నెలలో ఏ రాకెట్టూ ఎగరలేదు. జులై 30న వెళ్ళిన నైసార్ ఉపగ్రహం గురించి తేదీ, రాకెట్టు పేరు అడిగి వదిలేశారు. నాసా ఒక రాడార్, మనం ఒక రాడార్ పెట్టి, పన్నెండు రోజులకోసారి భూమినంతా చూసి, నేల సెంటీమీటర్ల లెక్కన కుంగినా కనిపెట్టే ఉపగ్రహం అది. రాత్రయినా, మబ్బు పట్టినా చూడగలదు. తుపాన్లతో, వరదలతో బతికే జిల్లాల పిల్లలకు ఆ ముక్క చెప్పడానికి రెండు లైన్ల చోటు దొరకలేదా? కోచింగ్ సెంటర్ ప్రకటనకు పావు పేజీ దొరికింది.

రక్షణ విభాగంలో "ఐఎన్ఎస్ నిస్తార్‌ను ఎక్కడ ప్రారంభించారు?" అని అడిగారు. జవాబు విశాఖపట్నం, 2025 జులై 18. సరే. దాన్ని కట్టింది విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డేనని రాయలేదు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు జల ఉష నౌకను సముద్రంలోకి దింపిన యార్డు అది. మునిగిన జలాంతర్గామిలో చిక్కుకున్న వాళ్లను పైకి తెచ్చే పనిలో సాయపడటానికి, లోతుల్లో డైవింగ్ చేయడానికి ఈ నౌక. ఇదే పేరున్న పాత నౌక 1971లో విశాఖ ఎదుట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ శకలాల దగ్గర డైవింగ్‌కు పనిచేసింది. ఇది మన గుమ్మం ముందు జరిగిన చరిత్ర. ఇది తెలిసిన పిల్లవాడు నిస్తార్ ఏ ఊళ్ళో ప్రారంభమైందో జన్మలో మర్చిపోడు.

ఆరోగ్యం బిట్టు: ట్రకోమా అనే కంటిజబ్బు కేసు దేశంలో ఒక్కటీ లేదట. 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది అది కాదు. ఆ జబ్బు ప్రజారోగ్య సమస్యగా ఉండే హద్దు కిందికి దిగిందని చెప్పింది. ఆ సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతంలో నేపాల్, మయన్మార్ తర్వాత మనది మూడో దేశం. హద్దు కిందికి దిగడానికీ, ఒక్క కేసూ లేకపోవడానికీ ఎంత తేడా ఉందో ఏ ఆశా కార్యకర్తను అడిగినా చెబుతుంది.

మీ ఒక్కరినే అనడం న్యాయం కాదు. ఈ బిట్ల మీద బతకాల్సిన గతి పిల్లలకు పట్టించింది ప్రభుత్వాలు, కమిషన్లు. తెలంగాణలో 783 గ్రూప్-2 పోస్టుల నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. 2023 ఆగస్టు అన్నారు, నవంబరు అన్నారు, 2024 జనవరి అన్నారు, మళ్ళీ ఆగస్టు అన్నారు. చివరికి 2024 డిసెంబరు 15, 16న పెట్టారు. నోటిఫికేషన్ నాటికి చంద్రయాన్-3 ఇంకా నేల మీదే ఉంది. పరీక్ష నాటికి అది చంద్రుడి మీద దిగి ఏడాది దాటి, ఆ బిట్టు పాతబడింది. గ్రూప్-1 ప్రిలిమ్స్‌నైతే 2022లో ఒకసారి, 2023లో ఒకసారి రాయించి, రెండూ రద్దయ్యాక 2024లో మూడోసారి రాయించారు. ప్రతిసారీ కొత్త కరెంట్ అఫైర్స్, కొత్త పుస్తకాలు, మళ్ళీ హాస్టల్ అద్దె. మన దగ్గర మాత్రం? 2025 ఫిబ్రవరి 23న గ్రూప్-2 మెయిన్స్ అయితే, వాయిదా వేయమని ప్రభుత్వం లేఖ రాయడం, లేదు జరుగుతుందని కమిషన్ చెప్పడం, అంతా ముందురోజు నడిచింది. బస్టాండుల్లో సంచులు పట్టుకుని కూర్చున్న పిల్లల టెన్షన్ ఆ లేఖలు రాసినవాళ్లకు తెలుసా?

గ్రంథాలయాల గతి చెప్పనక్కర్లేదు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. మా దగ్గర గోడకున్న పటంలో ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ అంటే తెలంగాణతో కలిపే. దాని కింద కూర్చుని పిల్లలు మీ పేజీ బట్టీ పడుతున్నారు. వాళ్లకు అంతకంటే కొత్త పటం మీ పత్రికే. అందుకే ఇంత కోపం.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. నంబరు వేసినప్పుడు పక్కన అది ఏ తేదీ లెక్కో, ఎవరు చెప్పారో వేయండి. మన దేశంలో రామ్‌సర్ (అంతర్జాతీయ గుర్తింపు పొందిన) చిత్తడి నేలలు 2024 ఆగస్టులో 85, 2025 జూన్ నాటికి 91. తేదీ లేకుండా వేస్తే 85 రాసినవాడూ 91 రాసినవాడూ మీ పేజీనే చూపించి కొట్లాడుకుంటారు. పరీక్ష జవాబుల కీ మీద అభ్యంతరం పెట్టాల్సి వచ్చినా పిల్లల చేతిలో ఏదో ఒక ఆధారం ఉంటుంది. వారానికో పటం వేయండి, ఆ పావు పేజీ ప్రకటనను కాస్త జరిపి. తీరరేఖ, శ్రీహరికోట, ట్రకోమా ఈ మూడింటి సవరణ వచ్చే సంచికలో అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో రావాలి. లోపలెక్కడో వర్గీకృత ప్రకటనల కింద వేస్తే మా గ్రంథాలయంలో ఎవరూ చూడరు. జిరాక్సు తీసి ఆ పాత పేజీ పక్కన నేనే అంటిస్తాను, మీరు వేయండి చాలు.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
బాపట్ల