పేలుళ్ల బాధితుల మనసుకూ వైద్యం అందాలి

సంపాదకులకు నమస్కారం.

దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసులో ఐదుగురి ఉరిశిక్షను 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు సమర్థించింది. అప్పటి నుంచి శిక్ష గురించే మాట్లాడుకుంటున్నాం. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఆ బస్టాప్ దగ్గర, మిర్చి సెంటర్ దగ్గర ఉండి బతికి బయటపడ్డవాళ్లు ఎలా ఉన్నారని అడిగేవాళ్లు తక్కువ.

బాంబు పేలిన ఒత్తిడికి కర్ణభేరి చిరిగిపోవచ్చు. చెవిలో హోరు ఏళ్ల తరబడి వదలకపోవచ్చు. ఇక మనసు. ప్రమాదంలో గుండె దడదడలాడటం, ఒళ్లు బిగుసుకోవడం సహజమే, గండం గడిచాక అవి తగ్గాలి. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతాయి కూడా, అందరినీ రోగుల్లా చూడనక్కర్లేదు. కానీ కొందరికి తగ్గదు. టపాసు పేలితే వణుకు, నిద్రలో అవే దృశ్యాలు, జనంలోకి వెళ్లాలంటే టెన్షన్. డాక్టర్లు దీన్ని పీటీఎస్‌డీ అంటారు, చికిత్స ఉంది. ఇంట్లో మాత్రం ‘అయిపోయిందిగా, ఇంకా ఎందుకు తల్చుకుంటావ్’ అంటారు. దాంతో ఆ మనిషి నోరు విప్పడం మానేస్తాడు.

లండన్‌లో 2005 జులై 7 దాడుల్లో 52 మంది చనిపోయారు. బతికినవాళ్లు తమంతట తామే ఆసుపత్రికి వస్తారని అక్కడ ఎదురుచూడలేదు. పేర్లు సేకరించి, ప్రశ్నపత్రాలు పంపి, అవసరమైనవాళ్లకు చికిత్స ఇచ్చారు. ఫ్యామిలీ డాక్టర్లు పంపినవాళ్లు కొద్దిమందే, ఇలా వెతికితే దొరికినవాళ్లే ఎక్కువ.

మన దగ్గర ఉగ్రదాడి బాధితులకు కేంద్రం ఇచ్చే సాయం మరణానికో, 50 శాతం, ఆపైన శాశ్వత వైకల్యానికో. పదేళ్లుగా సరిగ్గా నిద్రపోని మనిషికి ఏ డాక్టరు ఎంత శాతం రాసిస్తాడు? 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ సాయం దొరుకుతుంది, మంచి సేవే. కానీ ముందు ఆ మనిషే ఫోన్ చేయాలి కదా!

న్యూస్ చానళ్లకూ ఒక మనవి. 2013లోనే జరిగిన బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత చేసిన అధ్యయనంలో, రోజుకు ఆరు గంటలు, అంతకుమించి ఆ వార్తలు చూసినవాళ్లలో ఘటనాస్థలంలో ఉన్నవాళ్లకంటే ఎక్కువ ఒత్తిడి కనిపించింది. దయచేసి రక్తపు దృశ్యాలను పదేపదే తిప్పి చూపించకండి.

దిల్‌సుఖ్‌నగర్ క్షతగాత్రుల వివరాలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. 2007 నాటి మక్కా మసీదు, లుంబినీ పార్కు, గోకుల్ చాట్ బాధితులవీ ఉన్నాయి. వైద్య ఆరోగ్య శాఖ ఆ జాబితాలు తీసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, చెవి పరీక్ష, మానసిక వైద్యం ఉచితంగా ఇప్పించాలి. జిల్లాలకు తిరిగి వెళ్లిపోయినవాళ్లకు అక్కడి ప్రభుత్వాసుపత్రిలోనే ఆ ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, సరూర్‌నగర్, హైదరాబాద్