ఇథనాల్‌ని తిట్టేముందు మొక్కజొన్న రైతు మాట కూడా వినండి

సంపాదకుడు గారికి,

20 శాతం ఇథనాల్ (చెరకు, బియ్యం, మొక్కజొన్న లాంటి వాటి నుంచి తీసే ఆల్కహాల్) కలిపిన పెట్రోల్ మీద ఈ మధ్య ఎక్కడ చూసినా తిట్లే. మైలేజీ పడిపోయిందని, ఇంజిన్ పాడవుతుందని అంటున్నారు. మాది మొక్కజొన్న పండించే కుటుంబం, అందుకే మా వైపు మాట కూడా చెప్పాలని రాస్తున్నాను.

ఇన్నాళ్లూ మా మక్కలు కొనేది ప్రధానంగా కోళ్ల దాణా వాళ్లు, స్టార్చ్ ఫ్యాక్టరీల వాళ్లు, వాళ్లకు అవసరం లేనప్పుడు యార్డులో తేమ పేరు చెప్పి ఎంతంటే అంతకే అడుగుతారు, మద్దతు ధర కాగితం మీదే ఉంటుంది. ఇప్పుడు ఇథనాల్ ఫ్యాక్టరీ రూపంలో ఇంకో కొనుగోలుదారు వచ్చాడు. టన్ను మక్కల నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది, మిగిలిన పిప్పి మాంసకృత్తులున్న దాణాగా మళ్లీ పశువులకు, కోళ్లకే పోతుంది. పైగా చెరకుతో పోలిస్తే మక్కకు నీళ్లు చాలా తక్కువ చాలు. దేశానికి కావాల్సిన ముడి చమురులో 85 శాతానికి పైగా బయట కొంటున్నాం కదా, అందులో కొంత డబ్బయినా పల్లెలకు మళ్లితే తప్పేముంది? 2014 ప్రాంతంలో ఒకటిన్నర శాతంగా ఉన్న మిశ్రమం 2025కి 20 శాతానికి చేరడం చిన్న విషయం కాదు.

అలాగని వాహనదారుల బాధ అబద్ధమని నేననను. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. ఇథనాల్ లేని పెట్రోల్‌కి తయారై, 10 శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన కార్లకు 20 శాతం మిశ్రమంతో 6, 7 శాతం మైలేజీ తగ్గొచ్చని 2021లో కేంద్రానికి సలహాలిచ్చే నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది, ఆ నష్టం పూడేలా ధర తగ్గించాలని కూడా సూచించింది. ఆ రెండో మాట మాత్రం ఎవరూ పట్టించుకోలేదు, జనం కోపమంతా అక్కడి నుంచే వచ్చింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో, నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఊళ్ల పక్కన ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రోడ్డెక్కిన వాళ్లదీ న్యాయమైన భయమే, నీళ్లు, గాలి పాడుచేసుకుని ఎవరికీ ఇంధనం అక్కర్లేదు.

నాకు అసలు మింగుడుపడనిది ఇంకోటుంది. 2025 జనవరిలో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల్లోని బియ్యాన్ని ఇథనాల్ కోసం క్వింటాలు 2,250 రూపాయలకు ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. అదే ఏడాది వానాకాలం మక్కలకు ప్రకటించిన మద్దతు ధర 2,400. మరి ఏ ఫ్యాక్టరీ వాడు మా దగ్గరికి వస్తాడు? రైతు కోసమే ఇథనాల్ అని చెప్తూ రైతుకే పోటీగా సర్కారు గోదాముల బియ్యం దించడమేంటి?

పాత బండ్ల కోసం ప్రతి బంకులో 10 శాతం మిశ్రమం కూడా ఉంచండి, 20 శాతం పోయించుకునే వాళ్లకు లీటరుకు కొంతైనా తగ్గించండి, ఫ్యాక్టరీలు మద్దతు ధరకు తగ్గకుండా మక్కలు కొనాలన్న షరతు పెట్టండి. ఇవి చేయకుండా మొత్తం ఇథనాలే వద్దంటే ముందు దెబ్బ తగిలేది మాకే.

- ఒక మొక్కజొన్న రైతు కొడుకు, వరంగల్ జిల్లా