ముందు ఓఆర్‌ఎస్, జింక్... ఆ తర్వాతే ఈస్ట్ పొడి

సంపాదకులకు,

వానలు మొదలయ్యాక పసిపిల్లలకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. తల్లి మందుల షాపుకు పరుగెడితే చాలాచోట్ల ముందుగా చేతిలో పెట్టేది ప్రోబయోటిక్, అంటే పేగుకు మేలు చేస్తుందని ఇచ్చే సూక్ష్మజీవి, అయిన ఈస్ట్ పొడి. నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజ్ పొడి ఓఆర్‌ఎస్ అడిగితేనే ఇస్తారు. జింక్ ఊసే ఉండదు.

ఆ ఈస్ట్‌ను నేను తీసిపారేయడం లేదు. 1920లలో హెన్రి బౌలార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇండోచైనాలో లిచీ, మాంగోస్టీన్ పండ్ల నుంచి దాన్ని వేరుచేశాడు. బ్యాక్టీరియా కాదు కాబట్టి యాంటీబయాటిక్స్‌కు చావదు. కొన్ని పరిశోధనల్లో విరేచనాలు దాదాపు ఒక రోజు ముందే తగ్గాయి. ఎన్నో పరిశోధనలను కలిపి చూసిన 2020 నాటి కాక్రేన్ సమీక్ష మాత్రం ప్రోబయోటిక్స్ వల్ల పెద్ద తేడా ఉండకపోవచ్చని తేల్చింది. ఏదెలా ఉన్నా, ఒంట్లోంచి పోయిన నీరూ ఉప్పూ ఆ పొడితో తిరిగి రావు. బిడ్డ ప్రాణం మీదికి వచ్చేది అవి పోవడం వల్లే.

1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఓఆర్‌ఎస్ లాంటివే ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి ఎందరినో బతికించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందింది 60.6 శాతానికి, జింక్ అందింది 30.5 శాతానికే. ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది.

పండ్ల పానీయాల మీద ‘ఓఆర్‌ఎస్’ అనే పేరు వాడరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. దాని వెనుక హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. మందుల షాపుల విషయంలోనూ రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు అంతే గట్టిగా నిలబడాలి. ఓఆర్‌ఎస్, జింక్ ఇవ్వకుండా పిల్లల విరేచనాలకు ఈస్ట్ పొడి ఒక్కటే అమ్మొద్దని చెప్పాలి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలనీ, గ్లాసులో కొంచెం కొంచెంగా కలపకూడదనీ షాపులో తెలుగులో రాసి పెట్టించాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజూ 20 మిల్లీగ్రాముల జింక్, విరేచనాలు ఆగినా సరే 14 రోజులూ వేయాలని ఆశా కార్యకర్తలు ఇంటింటికీ చెప్పాలి.

ఒక హెచ్చరిక. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లల్లో, పెద్ద రక్తనాళంలో గొట్టం పెట్టిన పిల్లల్లో ఈ ఈస్ట్ రక్తంలోకి చేరి ప్రమాదం తేవచ్చు. అలాంటి బిడ్డకు డాక్టర్ చెప్పకుండా ఎవరూ ఇవ్వకూడదు.

– ఒక పాఠకురాలు, ఖమ్మం